ఇష్బెల్ మార్చుకున్న తుపాకీ

ఆ ఆడదుప్పి పడలేదు. తూటా తగిలిన చప్పుడు స్పష్టంగా వినబడింది. అయినా అది వెనక కాలు ఈడ్చుకుంటూ, గుంపు వెంట పరుగెత్తి గట్టు దాటిపోయింది. ఇష్బెల్ మాథెసన్ తడిసిన గడ్డిలో బోర్లా పడుకుని, చెంప తుపాకీ మడమకు ఆనించి, ఖాళీ అయిన గట్టు వైపే చూస్తూ ఉండిపోయింది.

గ్లెన్ ఫియారా లోయలో ఎస్టేటు వేటగత్తె ఉద్యోగం ఆమెది. అంతకుముందు అది వాళ్ల నాన్నది. కొండ మీద దుప్పులు పెరిగిపోతే కొత్త చెట్టు మొలవనివ్వవు. చివరికి మేత లేక చలికి అవే చస్తాయి. అందుకని ఏటా కొన్నిటిని తగ్గించాలి, శరత్తులో మగవాటిని, చలికాలంలో ఆడవాటిని. వసంతంలో గొర్రెలు ఈనే రోజుల్లో నక్కల బెడద చూడాలి. ఎంత నొప్పి లేకుండా చంపితే అంత మంచి వేటగాడని నాన్న నేర్పాడు. ఆమె చేతిలో దెబ్బతిన్న జంతువు అలా తప్పించుకుపోవడం ఈ లోయలో ఎవరూ ఎరుగరు.

చీకటి పడేదాకా నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ పోయింది. వాగు దగ్గర జాడ తెగిపోయింది. మర్నాడు తెల్లవారగానే కుక్కను వెంటబెట్టుకుని వెళితే, నల్లమట్టి గుంటలో పడి ఉంది దుప్పి. ఇంకా ప్రాణంతోనే ఉంది. దాని బాధ ముగించింది. కళేబరాన్ని కిందికి చేర్చింది గానీ ఇంటికొచ్చి నోరు విప్పలేదు.

"ఏమైందే?" అన్నాడు భర్త ఫిన్లే. ఉత్తరాల వ్యాను నడుపుతాడు అతను. లోయలో అందరి కబుర్లూ మోసేవాడికి పెళ్లాం కబురే అందలేదు.

"స్కోప్ కదిలింది."

ఆ తర్వాత ఆమె కుదురుగా కూర్చోలేదు. తుపాకీ మీద గురి చూసే ఆ స్కోప్ దుర్భిణి మరలు బిగించేది, విప్పేది, మళ్లీ బిగించేది. పొయ్యి మీద ఓట్స్ జావ మాడుతుంటే కిటికీలోంచి కొండ వంక చూస్తూ నిలబడేది. నిద్రలో ఆమె కుడిభుజం ఎగిరెగిరి పడటం ఫిన్లే గమనించాడు. కిందటి చలికాలం మంచు మీద జారి ఆ భుజం దగ్గరి ఎముకే విరగ్గొట్టుకుంది. అతికిందన్నారు డాక్టర్లు. అతికిందనే ఆమె కూడా అందరికీ చెప్పుకుంది.

చివరికి ఫిన్లేనే ఆమెనూ, తుపాకీనీ వ్యానెక్కించి పట్నంలో తుపాకులు బాగుచేసే టోర్కిల్ దగ్గరికి తీసుకుపోయాడు. కొట్టు వెనక పెద్ద మట్టిదిబ్బ, దాని ముందు గురి చూసే అట్ట ఉన్నాయి. టోర్కిల్ తానే కాల్చి చూశాడు. రంధ్రాలన్నీ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పడ్డాయి.

"స్కోప్ ఎక్కడా కదల్లేదు. ఇప్పుడు నువ్వు కాల్చు. తూటాలు నేను పెడతా. నువ్వటు తిరుగు."

"నేనేమన్నా చంటిపిల్లనా?"

"తిరుగు తల్లీ, నీ సొమ్మేం పోయింది?"

మొదటిది ఎడమకు జారింది. రెండోది ఇంకా కిందికి పోయింది. మూడోసారి ఆమె మీట నొక్కితే టక్కుమన్న చప్పుడు తప్ప ఏమీ పేలలేదు. ఆ నిశ్శబ్దంలో తుపాకీ గొట్టం గింజకు వంగిన కోడి ముక్కులా కిందికి పొడుచుకుపోయింది. ఆమె కళ్లు గట్టిగా మూతపడి ఉన్నాయి. భుజం చెవిదాకా లేచి ఉంది. పేలని దానికే అంత ఉలికిపాటు! టోర్కిల్ ఆ మూడోసారి మందు లేని ఉత్త గుల్ల పెట్టాడు.

"దొంగపని చేశావు," అంది ఇష్బెల్. ముఖం కందిపోయింది.

"చేశాను. ముందే చెబితే నువ్వు బిగబట్టుకునేదానివిగా."

ఫిన్లే తన బూట్ల వంక చూసుకుంటూ అడిగాడు. "ఎప్పట్నించే నొప్పి?"

"నొప్పేం లేదు." చెయ్యి దానంతటదే భుజం మీదికి వెళ్లింది. "కట్టు విప్పిన రోజు నుంచీ. కాల్చిన ప్రతిసారీ ఎముకలో మేకు దిగినట్టుంటుంది."

టోర్కిల్ ఆమెను లోపల కూర్చోబెట్టి, టీ పోసి, బల్ల మీద వేర్వేరు కొలతల తుపాకుల తూటాలు వరసగా నిలబెట్టాడు.

"ఇది నీ టూ-సెవెంటీ. ఇది త్రీ-నాట్-ఎయిట్, భుజాన్ని తన్నడంలో దీనికేం తీసిపోదు. ఈ సన్నది టూ-ట్వంటీ-త్రీ. నక్కకి చాలు, కానీ ఎర్రదుప్పిని దీంతో కొడితే చట్టం ఊరుకోదు. ఇదిగో, టూ-ఫార్టీ-త్రీ. బరువు తూటా వేశావంటే దుప్పికీ నక్కకీ ఇదొక్కటే చాలు. తన్ను కూడా మెత్తన."

"దాన్ని పిల్లల తుపాకీ అంటారు."

"అననీ. దుప్పి వచ్చి గొట్టం కొలుచుకుంటుందా? సరైన చోట తగిలిందా లేదా, అంతే దానికి తెలిసేది."

"గాలి గట్టిగా ఉంటే తూటా పక్కకు పోదా?"

"దూరాన్నుంచి కాల్చడం మానెయ్. ఇంకాస్త దగ్గరికి పాకు. మోకాళ్లు బాగానే ఉన్నాయిగా?"

ఇష్బెల్‌కు నవ్వు రాబోయి ఆగిపోయింది. "నక్కలకైతే తేలిక తూటా వేసుకోవచ్చు కదా?"

"వేసుకోవచ్చు. కానీ తూటా మారితే గురీ మారుతుంది. జేబులో రెండు రకాలు కలిసిపోయి, తేలికది దుప్పి మీద పేలిందనుకో. అది మళ్లీ గట్టు దాటుతుంది."

ఆ మాట ఆమెకు తగలవలసిన చోటే తగిలింది. "అయితే రెంటికీ ఒకటే బరువు," అంది.

కొత్త తుపాకీకి పోలీసుల అనుమతి రావాలి. అది ఎంతకీ రాలేదు. ఈలోపు పాతది ముట్టనంది ఇష్బెల్. ఎస్టేటు మేనేజరు ఫోన్ చేసి విసుక్కున్నాడు. పక్క ఎస్టేటు మనిషి వచ్చి ఆడదుప్పుల పని చేసిపోయాడు. అతని తుపాకీ మోత కొండల్లో తిరిగినప్పుడల్లా ఆమె చేస్తున్న పని వదిలేసి బయటికొచ్చేది. వట్టి చేతుల్తో, మెళ్లో బైనాక్యులర్‌తో, పొద్దస్తమానం కొండ మీదే తిరిగేది.

లోయ అడుగున గొర్రెలు పెంచుకునే మర్డినా ఒకరోజు దారికడ్డంగా నిలబడింది. డెబ్బై దాటిన మనిషి. నాలుకకు మాత్రం వయసు రాలేదు.

"ఏమే, ఉద్యోగం మానేసి షికార్లు మొదలెట్టావా? మీ నాన్నయితే చెయ్యి విరిగినా ఆపేవాడు కాదు."

"మా నాన్న ఎన్నిటిని కాళ్లు విరగ్గొట్టి గట్టు దాటించాడో మీరు చూశారా?" అనేసింది ఇష్బెల్. అన్నాక తనే అదిరిపడింది. నాన్న గురించి అలాంటి ఆలోచన తనకుందని అప్పటిదాకా ఆమెకే తెలియదు.

మర్డినా రుమాలు సర్దుకుని, "సరే, వసంతంలో నా గొర్రెపిల్లలు పోకుండా చూడు. అది చాలు," అని వెళ్లిపోయింది.

మంచు కరిగాక అనుమతి వచ్చింది. కొత్త తుపాకీతో టోర్కిల్ దిబ్బ మీదికి కాల్చి కాల్చి, కళ్లు తెరిచి ఉంచడం మళ్లీ నేర్చుకుంది ఇష్బెల్. అంతలో మర్డినా పచ్చికలో గొర్రెపిల్లలు మాయం కాసాగాయి. ఒకరోజు ఇష్బెల్ కాపు కాస్తుండగా, తొలి వెలుగులో నక్క రాతిగోడ మీదికెక్కింది. చక్కగా పక్కకు తిరిగి నిలబడింది. గురి కుదిరింది. కానీ నక్క వెనక ఆకాశం తప్ప ఏమీ లేదు. గోడ అవతల రోడ్డు ఉంది, రోడ్డు మీద ఎవరున్నారో తెలియదు. ఈ తూటా నక్కలోంచి దూసుకుపోయి ఎంత దూరమైనా వెళ్లగలదు. ఆమె మీట మీంచి వేలు తీసింది. నక్క గోడ దిగి నింపాదిగా పోయింది.

మర్డినా కోటు వేసుకోకుండానే పరుగున వచ్చింది. "కళ్లెదుట నిలబడితే వదిలేస్తావా! ఆ పిల్లల తుపాకీ కూడా పేలదా ఏం?"

"వెనక మట్టి లేదు."

"నా గొర్రెపిల్ల పోయిందే అమ్మాయ్!"

"తెలుసు," అంది ఇష్బెల్.

ఆ రోజంతా ఆమె గాలి చూసుకుంటూ పచ్చిక చుట్టూ తిరిగింది. మర్నాడు ఎదుటి వాలు మీద, హెదర్ అనే పొట్టి పొదల్లో, ఇంకా దగ్గరగా పాక్కుంటూ వెళ్లి పడుకుంది. నక్క గోడ వారనే వచ్చింది. ఈసారి దాని వెనక కొండవాలే ఉంది. తుపాకీ భుజాన్ని మెత్తగా నెట్టింది. నక్క ఉన్నచోటే ఒరగడం ఆమె స్కోప్‌లోంచి చూసింది. కాలు కూడా కదపలేదు అది. ఏడాదిగా తను కాల్చిన ఏ దెబ్బా ఎక్కడ తగిలిందో ఆమె చూడనే లేదు.

మర్డినా గోడ దగ్గరికొచ్చి నక్కను కాలితో కదిపి చూసింది. "మగది. ఆడది ఇంకా పైనే ఉంది."

"ఊఁ."

"చలికి కొయ్యబారిపోయావు, లోపలికి రా. టీ తాగి పో."

"గాలి మారక ముందే పై గుట్ట చూసొస్తానండీ," అంది ఇష్బెల్. ఖాళీ గుల్ల ఏరి జేబులో వేసుకుని, కుక్కను పిలిచి, వాలెక్కడం మొదలుపెట్టింది.