బావగారి బూట్లు ఎక్కిన కొండ

పరువు పోగొట్టుకోవడానికి ఎవరికైనా ఇంటిపట్టునే ఉంటే చాలు. నేను మాత్రం ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌లో బయల్దేరి, మూడు విమానాలు మారి, స్కూలు పిల్లల కొలతలకు కట్టిన పాత బస్సులో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుని, నికరాగువా దాకా వెళ్ళి మరీ పోగొట్టుకొచ్చాను. నా పరువుతోపాటు షెఫీల్డ్‌లో ఉండే మా బావగారి బూట్లు కూడా పోయాయి. జరిగిన ఘోరం మొత్తం చెబుతాను. నవ్వండి, కానీ కాస్త మర్యాదగా నవ్వండి.

ఇది ఏడేళ్ళ కిందటి మాట. అప్పుడు నా వయసు నలభై రెండు, బుద్ధికి పద్నాలుగు. మా ఆఫీసు తెలుగువాళ్ళంతా వేసవి సెలవులకు స్పెయిన్ వెళ్తారు, లేదా ఇండియా. ఒక పుట్టినరోజు విందులో, సమోసా చేత్తో పట్టుకుని, "మేం నికరాగువా వెళ్తున్నాం" అని ప్రకటించాను.

"అదేదో ఆఫ్రికాలో ఉంది కదండీ?" అన్నారు ఒకాయన.

"మధ్య అమెరికా అండీ," అన్నాను జాలిగా. ఆ సంగతి నాకూ రెండు రోజుల కిందటే తెలిసింది, చవకగా తిరగడానికి వీలైన దేశాలు వెతుకుతుంటే.

మా ఆవిడకు హాస్పిటల్ డ్యూటీల్లో సెలవు దొరకలేదు. అందుకని నేనూ, అప్పుడే మన పదోక్లాసు లాంటి జీసీఎస్ఈ పరీక్షలు రాసిన మా అమ్మాయి నిత్యా, వీపున చెరో మూట. నిత్య స్కూల్లో స్పానిష్ చదివింది. పేరుకు నేను తండ్రిని గానీ, ఆ దేశంలో నా నోరు తనే. అక్కడ ఒక అగ్నిపర్వతం శిఖరం ఎక్కి, ఫోటో దిగి, ఆ ఆఫ్రికా పెద్దమనిషికి చూపించాలని నా పంతం.

కొండెక్కాలంటే బూట్లు కావాలి. మా ఆవిడ అన్నగారు రామ్మోహన్ దగ్గర ఒక జత ఉంది. గుండె ఆపరేషన్ తర్వాత ఆయన షెఫీల్డ్ పక్క కొండల్లో ఆ బూట్లతోనే మళ్ళీ నడక నేర్చుకున్నారు. రెండుసార్లు వాటి సోల్ మార్పించారు, ఎర్ర తాళ్ళు కట్టారు, పూజగదిలో పెట్టలేదంతే.

"బావా, నన్ను మళ్ళీ మనిషిని చేసింది సగం డాక్టర్లు, సగం ఇవి. ఇంతవరకూ ఎవరికీ ఇవ్వలేదు."

"ప్రాణంలా చూసుకుంటాను బావగారూ."

"ప్రాణం సంగతి మీ ఇష్టం. బూట్లు మాత్రం వెనక్కి రావాలి."

ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలన్నారు. ఎరువు బూట్లు పరువు చేటని వాళ్ళకు తట్టలేదు, పాపం, వాళ్ళ కాలంలో బూట్లు లేవు.

కొండెక్కడానికి ముందురోజు ఆదివారం. ఆ కొండ కింద ఊళ్ళో ఒక తెల్లటి చర్చి ఉంది. గుమ్మం పక్కన పెద్ద పట్టా పరిచి ఉంది. దాని మీద వరసగా చెప్పులు, బూట్లు, పిల్లల జోళ్ళు. వెనక అట్టముక్క మీద స్పానిష్‌లో ఏదో రాసి ఉంది. నా గుండె పొంగిపోయింది. ఎంత సంస్కారవంతులండీ! గుడి ముందు చెప్పులు విడవాలన్న జ్ఞానం ఈ మారుమూల దేశానికి ఎవరు నేర్పారు?

అప్పటికే గుమ్మం దాటిన నిత్య వెనక్కి తిరిగి, "డాడ్, ఇట్స్ ఎ చర్చ్. షూస్ తియ్యక్కర్లేదు," అంది.

"లండన్ చర్చి కాదమ్మా ఇది. కళ్ళతో చూసి నేర్చుకో."

బూట్లు విప్పాను. దొంగల భయం కొద్దీ, మనవాళ్ళు గుడి దగ్గర చేసినట్టే, ఒక బూటు పట్టాకు ఈ చివర, రెండోది ఆ చివర పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయి, లోపలికెళ్ళి అరగంట చల్లగా కూర్చున్నాను.

బయటికొచ్చేసరికి పట్టా లేదు. చెప్పులు లేవు. అట్టముక్క చేత్తో పట్టుకుని ఒక పెద్దావిడ మిగిలారు. నిత్య ఆ అట్ట చదివింది. చదివి, నా ఉత్తి కాళ్ళవంక చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇక్కడినుంచి నిత్య ఇంగ్లీషులో అన్నవి నేను తెలుగులో పెడుతున్నాను.

"డాడ్, వరదలో అన్నీ పోయినవాళ్ళ కోసం చెప్పులు దానం చెయ్యమని రాసుంది. వ్యాను ఇప్పుడే వెళ్ళిపోయిందట."

"నావి పొరపాటున పెట్టానని చెప్పు!"

నిత్య నోరు తెరిచేలోపే పెద్దావిడ నా కాళ్ళు చూసేశారు. రెండు చేతులూ గుండెకు ఆనించుకుని ఏదో అంటూ చుట్టూ ఉన్నవాళ్ళను పిలిచారు.

"ఏమంటోంది?"

"కాళ్ళకున్నవి విప్పి ఇచ్చిన మనిషిని తను ఇంతవరకూ చూడలేదట. ఒకటి అక్కడా ఒకటి ఇక్కడా పడేస్తే, కష్టపడి జత కలిపి పంపిందట."

పదిమంది నన్ను కావలించుకున్నారు. ఒక ముసలాయన నా చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. మీరే చెప్పండి, ఆ స్థితిలో "నా బూట్లు నాకివ్వండి" అని కర్ణుడైనా అడగగలడా? పెద్దావిడ ఇంట్లోంచి రబ్బరు చెప్పులు తెచ్చి నా కాళ్ళకు తొడిగారు. మడమలు రెండంగుళాలు బయటే ఉండిపోయాయి. ఆదివారం కాబట్టి షాపులు మూసేశారు.

మర్నాడు తెల్లవారగానే మేం దిగిన హాస్టల్ వాళ్ళు కుదిర్చిన గైడు వచ్చాడు. పేరు అన్సెల్మో, అరవై దాటి ఉంటాయి. నేను నమస్కారం పెడుతూ తల వంచాను. వంచిన తల మళ్ళీ లేవలేదు.

ఎర్ర తాళ్ళు!

రెండు జతల మేజోళ్ళు తొడుక్కుని, పైన మా బావగారి బూట్లు వేసుకున్నాడు. నిత్య అతనితో మాట్లాడి నెమ్మదిగా నావైపు తిరిగింది.

"వరదలో ఇల్లూ బూట్లూ పోయాయట డాడ్. బూట్లు లేక మూడు వారాలుగా పనిలోకి పోలేదట. ఇవి దొరికాక మనమే మొదటివాళ్ళం. వెనక్కి అడగనా?"

ఆ ఎర్ర తాళ్ళవంక చూశాను. షెఫీల్డ్ కనిపించింది, బావగారు కనిపించారు, ఆపరేషన్ గాటు కనిపించింది.

"వద్దులే," అన్నాను. నా జీవితంలో నేను పలికిన ఏకైక మంచిమాట అదే. దానికి నన్ను మెచ్చుకోకండి, నోటికి వచ్చింది అంతవరకే.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. రబ్బరు చెప్పులతో ఆ కొండ మీద తొక్కడం తప్ప వేరే దారి లేదు. సగం దూరంలో ఎడమ చెప్పు బురదలోనే ఉండిపోయింది. నేను ఒక రాయి మీద కూలబడ్డాను. నిత్యా, అన్సెల్మో, బూట్లూ పైకి వెళ్ళి, మధ్యాహ్నానికి దిగొచ్చారు.

ఇంగ్లండ్ రాగానే తిన్నగా షెఫీల్డ్ వెళ్ళాను. బావగారికి సంగతంతా చెప్పి, శిఖరం మీద నిత్య తీసిన ఫోటో చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇవి నా బూట్లేనా?"

"అవును బావగారూ."

"ఇది శిఖరమేనా?"

"అవునండీ."

"మరి మీరేరి?"

"కింద... రాయి మీద."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పోనీలెండి బావా. నా బూట్లు మళ్ళీ ఒక మనిషిని నిలబెట్టాయి. కొండ కూడా ఎక్కాయి, మీ అవసరం లేకుండానే."

ఆ ఫోటో ఇప్పుడు వాళ్ళ హాల్లో పటం కట్టి ఉంది. వచ్చినవాళ్ళకు బూట్లను పరిచయం చేస్తారు, అన్సెల్మోను పరిచయం చేస్తారు. నేను పక్క సోఫాలోనే ఉంటాను.

కనుక పాఠకుల సాక్షిగా, ఉత్తి కాళ్ళతో నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ దేశంలో, ఏ దేవుడి గుమ్మం ముందైనా, పక్కనున్న అట్టముక్క చదివించుకోకుండా జోళ్ళు విప్పను. బావగారిని ఏ వస్తువూ ఎరువు అడగను.

రెండో ప్రమాణం క్రితం నెలలోనే తప్పాను. వాళ్ళింటి నుంచి బయల్దేరబోతుంటే వాన పట్టుకుంది. గొడుగు అడిగాను.

"ఎక్కడికో చెప్పండి బావా," అన్నారాయన. "గొడుగొక్కటే వెళ్ళొస్తుంది."