చివరి పేజీలు

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అందరూ భక్తి పుస్తకాలే ఇస్తారు. నాకు నచ్చేవి హత్య కథలు. నిన్న ఏలూరులో లైబ్రరీ నుంచి తెచ్చుకున్నదానికి చివరి పేజీలు లేవు.

చిన్నప్పుడు భీమడోలు సంతలో అమ్మ కొల్లేటి ఎండుచేపలు అమ్మేది. పొట్లాలకి పాత పుస్తకాలు చింపే పని నాది. అట్టమీద బొమ్మ పోకుండా వెనకనుంచి చింపేదాన్ని. పుస్తకమంటే ఆ బొమ్మే అనుకున్నాను.

చేపలు కొనడానికొచ్చిన మాస్టారొకరు అది చూసి, "చివర చింపేస్తే చంపిందెవరో ఎలా తెలుస్తుందే? ఏవమ్మా, దీన్ని బడికి పంపకూడదా?" అన్నారు.

"పంపితే పొట్లాలు మీరు కడతారాండీ?" అంది అమ్మ.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

నిన్న ఆ పేజీలు చింపినవాళ్ళని తిట్టడానికి నాకు నోరు రాలేదు. అమ్మని మాత్రం తిట్టుకున్నాను.