రాజవ్వ అత్త గోడమీద జపాన్

విమానం కిటికీ అద్దానికి నుదురు ఆనించాను. చల్లగా తగిలింది. సెలవు ముగించుకుని మళ్లీ కొలువుకు వెళ్తున్నాను. మబ్బుల్లోంచి ఫ్యూజీ కొండ తెల్లని నెత్తి కనబడగానే, ఎక్కడినుంచో తునికాకు వాసన వచ్చినట్టయింది. కోరుట్లలో మా పక్కింటి రాజవ్వ అత్త బీడీలు చేస్తూ ఆనుకుని కూర్చునే గోడకు ఇదే కొండ వేలాడేది. ముసలివాళ్ల సేవకు జపాన్ వెళ్లేవాళ్లకు జగిత్యాలలో భాష నేర్పేవారు. అక్కడ నాకిచ్చిన క్యాలెండర్ అది. ఫ్యూజీ, ఒసాకా కోట, టోక్యో టవర్, అన్నీ ఆకాశం నుంచి తీసిన ఫోటోలే.

మా ఇంట్లో దానికి చోటు దొరకలేదు. దుబాయిలో మోసపోయి, ఒళ్లు గుల్ల చేసుకుని తిరిగొచ్చిన బాపు, "భాష నేర్సుకుంటె నేర్సుకో, ఇమానం ఎక్కేది మాత్రం లేదు" అన్నాడు. అత్త పెనిమిటి అయితే అక్కడినుంచి పెట్టెలోనే వచ్చాడు. అందుకే ఆమె కూడా వద్దంటుందనుకున్నాను. ఆమె మాత్రం క్యాలెండర్ పట్టుకెళ్లి తన గోడకు మేకు కొట్టింది. రోజూ పొద్దుగూకే వేళ ఒక బొమ్మ చూపించి, "దీని ముచ్చట ఆళ్ల మాటల చెప్పు" అనేది. ఆమెకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా నేను తడబడితే చాలు, ఆకు కోసే కత్తెర ఆగేది. "గక్కడ నీళ్లు నమిలినవ్. మల్ల చెప్పు." నాకు ఒళ్లు మండేది. కానీ చెప్పేదాన్ని.

చివరికి ఒకనాడు బాపును తనే పిలిచి అరుగు మీద కూర్చోబెట్టింది.

"అన్నా, మీరు గాడికి పొయ్యినప్పుడు ఎవడేమంటున్నడో ఎరుకలేక ఆగమైన్రు. పిల్ల గట్ల పోతలేదు. ఇను."

కోట బొమ్మ మీద వేలు పెట్టింది. చుట్టూ ఉన్న అగడ్త, ఆకుపచ్చ పైకప్పులు, రాతి గోడలు, ఎక్కడా ఆగకుండా చెప్పుకుపోయాను. బాపు నా వైపు తిరిగాడు.

"గాడ ఎవడన్న నీ మీదికొస్తె, గిట్లనే మాట్లాడ్తవా బిడ్డా?"

"మాట్లాడ్త బాపు."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "అయితె పో" అన్నాడు.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లను ఏడుస్తూ సాగనంపడం మా వాడలో రివాజు. నేను బయలుదేరే రోజున కూడా ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. "ఏడ్సెటోళ్లు ఇండ్లళ్లకు పోన్రి" అని అత్త కసిరింది. నా పెట్టె తనే నెత్తిన పెట్టుకుని వాడ నడుమనుంచి నడిచింది. ఎదురైన ప్రతివాళ్లకూ, అడగకపోయినా సరే, "మా కోడలు జపాన్ పోతుంది, కొలువుకు" అని చెప్పింది. ఆమె వెనక నడుస్తుంటే నాకు మెడ వంచబుద్ధి కాలేదు.

పోయినేడు అత్త కాలం చేసింది. నేను పనిచేసేచోట ముసలమ్మలు అప్పుడప్పుడు నన్ను ఎవరి పిల్లవని అడుగుతారు. అమ్మ పేరు చెబుతాను, బాపు పేరు చెబుతాను. అక్కడితో ఆగను. రాజవ్వ అని కూడా చెబుతాను.