చుక్కల పెద్దమ్మ, దర్జీ పిల్లి

చుక్కల పెద్దమ్మ డాక్టరు కాదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఒక హోమియో డాక్టరు దగ్గర మందులు కలిపి ఇచ్చే పని చేసింది. సీసాలోని తెల్లటి గుళికల మీద మందు చుక్కలు లెక్కపెట్టి వేసి, మూత బిగించి కుదిపి, పైన పేరు రాసేది. ఆ చుక్కల వల్లే ఆమెకా పేరు వచ్చింది. ఆమె భర్త గడియారాలు బాగుచేస్తాడు. “ఊళ్ళోవాళ్ళకి చుక్కలు వేస్తుంది, నాకు మాత్రం చుక్కలు చూపిస్తుంది” అని దుకాణానికి వచ్చినవాళ్ళతో అనేవాడు. అది ఆమె చెవిన పడకపోలేదు. పట్టించుకోలేదంతే.

డాక్టరు పోయాక దవాఖానా మూతబడింది. మందుల పెట్టె, లావుపాటి పుస్తకం, ఆయన పెంచిన, ఒళ్ళంతా గోకి గోకి పుండ్లు చేసుకున్న కుక్క ఆమె ఇల్లు చేరాయి. కుక్క ఎక్కడ పడుకుంటోంది, ఏం తింటోంది, దేనికి ఒరుసుకుంటోంది అని ఆమె వారం రోజులు గమనించింది. నేల తుడిచే మందునీళ్ళు మార్చింది. పరుపుగుడ్డ రోజూ ఉతికి ఎండలో వేసింది. గుళికలు కూడా ఇచ్చింది. నెల తిరిగేసరికి పుండ్లు మానాయి. ఏది పనిచేసిందో ఆమెకే తెలియదు. వీధిలో మాత్రం మందు పనిచేసిందనే చెప్పుకున్నారు.

అక్కడినుంచి కుక్కలు, పిల్లులు, చిలకలు రావడం మొదలైంది. ముందుగదిలో బల్ల వేసింది. జంతువు గురించి అరగంట ప్రశ్నలడిగేది. ఈకలు పీక్కుంటున్న ఒక చిలక పంజరాన్ని వంటింటి మిక్సీ పక్కనుంచి తీయించి కిటికీ దగ్గర పెట్టించింది. చిలక కుదుటపడింది.

“మనిషికైతే నమ్మకం కుదిరి తగ్గిందనుకోవచ్చు. చిలక్కి ఏం నమ్మకమే?” అన్నాడు భర్త.

“చిలక్కి లేదు. పెంచినవాళ్ళకుంది. వాళ్ళ కంగారు తగ్గితే దాని కంగారూ తగ్గుతుంది” అంది.

ఆరేళ్ళు అలాగే గడిచాయి.

పక్కవీధి దర్జీ ఒంటరి మనిషి. అతనికొక మగపిల్లి ఉండేది. కత్తిరించిన గుడ్డముక్కల కుప్ప మీద పడుకునేది. ఒక పొద్దున దాన్ని సంచిలో పెట్టుకుని వచ్చాడు.

“పెద్దమ్మా, వీడికి నిన్నటినుంచి విరేచనం కావడం లేదు. ఊరికే వెళ్ళి కూర్చుని ముక్కుతున్నాడు.”

ఏం తింది, నీళ్ళు తాగుతోందా, ఇంట్లో ఏమైనా మార్పు జరిగిందా అని ఆమె అడిగింది. మూత్రం పోస్తోందా అని మాత్రం అడగలేదు. మలబద్ధకానికి గుళికలిచ్చి పంపింది. మర్నాడు పిల్లి వాంతి చేసుకుంటోందని అతను మళ్ళీ వచ్చాడు. మందు మార్చి ఇచ్చింది. మూడోరోజు మధ్యాహ్నం అతను తెచ్చేసరికి పిల్లి తల ఎత్తలేకపోతోంది. భోజనానికి ఇంటికొచ్చిన భర్త బల్ల మీదున్న దాన్ని చూశాడు.

“దీన్నింకా ఇక్కడ పెట్టుకుని కూర్చున్నారేంటి? లేవండి, ఆసుపత్రికి నడవండి” అన్నాడు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్లి పొట్ట తడిమి చూసింది. “ఇది మలబద్ధకం కాదు. మూత్రం దారి మూసుకుపోయింది. మూత్రపు సంచి రాయిలా గట్టిపడింది. ఎప్పుడు పోశాడు చివరిసారి?”

అది దర్జీకీ, పెద్దమ్మకీ తెలియదు.

“మొన్ననే తెచ్చుంటే బతికే అవకాశం బాగా ఉండేది” అంటూనే ఆమె గొట్టం పెట్టి మూత్రం తీసింది. అప్పటికే విషం ఒంటికెక్కింది. నాలుగు గంటలకు పిల్లి పోయింది. దర్జీ దాన్ని అదే సంచిలో పెట్టుకుని, పెద్దమ్మ వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

“నేనెన్ని గడియారాలు పాడుచేయలేదు” అన్నాడు భర్త, ఆమెను ఓదార్చడానికి.

“ఆగిన గడియారం మళ్ళీ తిరుగుతుంది” అంది ఆమె.

నాలుగు నెలలు ఎవరొచ్చినా గుమ్మంలోంచే ఆసుపత్రికి పంపించేసింది. దర్జీ వీధిలో నడవడం మానేసి, కూరగాయలకు చుట్టూ తిరిగి వెళ్ళేది. తర్వాత ఒక సోమవారం ఆసుపత్రి వరసలో వట్టి చేతులతో నిలబడింది.

“మీ జంతువేది?” అంది డాక్టరమ్మ.

“లేదమ్మా. దేన్ని నేను ముట్టుకోకూడదో తెలుసుకుందామని వచ్చాను.”

డాక్టరమ్మ స్టూలు చూపించింది. ఆ రోజునుంచి వారానికి రెండు పూటలు పెద్దమ్మ ఆ స్టూలు మీద కూర్చుని చూసింది. మూత్రం ఆగినా, ఊపిరి ఆడకపోయినా, చిగుళ్ళు పాలిపోయినా, పొట్ట ఉబ్బినా, వాంతులు ఆగకపోయినా ఆ క్షణమే ఆసుపత్రికి అని అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి, ఇంట్లో బల్లకు ఎదురుగా తగిలించింది. డాక్టరమ్మ రాసిన చీటీ చూడందే గుళిక ఇవ్వకూడదని నియమం పెట్టుకుంది.

“మీ గుళికల్లో ఏమీ లేదు. నా మాట ఇదే” అంది డాక్టరమ్మ ఒకసారి.

“లేకపోవచ్చమ్మా. పిల్లిని చంపింది గుళిక కాదు, దాన్ని నమ్ముకుని నేను పోగొట్టిన రెండు రోజులు.”

అప్పటినుంచి డాక్టరమ్మ, తాను మందు రాశాక ఇంటిదగ్గర సేవ కావలసిన ముసలి జంతువులను పెద్దమ్మ దగ్గరికి పంపడం మొదలుపెట్టింది. అలా వచ్చినదే పోస్టుమాన్ కుక్క. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఊరి కుక్కలన్నీ వెంటపడి తరిమిన మనిషి, విరమణ పొందాక ఒక కుక్కను తెచ్చుకున్నాడు. దానికిప్పుడు వెనక కాళ్ళు పట్టు తప్పాయి. డాక్టరమ్మ నొప్పికి మందిచ్చి, పొట్ట కింద పట్టీ వేసి ఎత్తి నడిపించమంది. అలాంటి పట్టీ కుట్టాలంటే దర్జీ కావాలి.

పెద్దమ్మ ఏడాది తర్వాత ఆ వీధిలోకి వెళ్ళింది. దర్జీ మిషను ఆపి, ఆమె చెప్పింది విని, మెడలో టేపు వేసుకుని వెంట వచ్చాడు. కుక్కను నిలబెట్టి కొలతలు తీసుకున్నాడు.

“తొడల దగ్గర మెత్త పెట్టాలి. లేకపోతే ఒరుసుకుపోతుంది” అన్నాడు. మళ్ళీ టేపు చుట్టుకుంటూ, తల ఎత్తకుండానే, “ఆ రోజు మీరు అడగలేదు, నిజమే. ఇంట్లో ఉన్నవాణ్ణి, నేనూ చూడలేదు” అన్నాడు.

“అడగాల్సిన పని నాది నాయనా.”

“అవును” అన్నాడు దర్జీ.

పట్టీ రెండు రోజుల్లో వచ్చింది. మెత్త చక్కగా కుదిరింది. పెద్దమ్మ పోస్టుమాన్ ఇంట్లో నున్నటి గచ్చు మీద గోనెపట్టాలు పరిపించింది, నీళ్ళగిన్నె ఎత్తుమీద పెట్టించింది, కాళ్ళు ఎలా పట్టాలో నేర్పింది. గుళికలు కూడా ఇవ్వమని ఆయన అడిగితే, “ఇస్తాను గానీ డాక్టరమ్మ మందు మాత్రం మానకు” అంది. కుక్క ఏడు నెలలు వీధి చివరిదాకా నడిచింది. ఎనిమిదో నెలలో ఒక పొద్దున ఇక లేవలేదు.

దర్జీ తర్వాత మరో మూడు పట్టీలు కుట్టిచ్చాడు. మళ్ళీ పిల్లిని మాత్రం పెంచలేదు. పోస్టుమాన్ సాయంత్రాలు పెద్దమ్మ ఇంటికి వచ్చి, నడవలేని ఇతరుల కుక్కలను పట్టీతో ఎత్తి వీధిలో తిప్పి తెస్తున్నాడు.