కొయ్య ఎరగని గొడ్డలి

మా అక్క మబ్రూకా మొగుడు హఫ్నావి బతుకంతా గొడ్డలి పట్టుకునే తిరిగాడు. అయినా ఆ గొడ్డలికి కొయ్య రుచి తెలియదు. వేళాకోళానికి అనడం లేదు. ఐన్ ద్రాహమ్ ఊరికి పైన మా కొండల్లో ఓక్ చెట్లకి అరచేయంత మందాన మెత్తని బెరడు కడుతుంది. సీసాలకి బిగించే బిరడాలు దానితోనే చేస్తారు. ఎండలు ముదిరాక ఆ బెరడు ఒలుస్తారు. గొడ్డలి బెరడులోకి దిగాలి గానీ లోపలి తల్లిపొరకి తగలకూడదు. తగిలితే అక్కడ పుండు పడి, చెట్టు ఉన్నన్నాళ్లూ మానదు.

మా బావ గొడ్డలి ఒక్కసారి కూడా తగల్లేదు. బెరడు మీద వేటు వేసి, చెవి వంచి వినేవాడు. ఆ చప్పుడులోనే ఎంత లోతు దిగిందో పట్టేసేవాడు. ఆ గర్వం ఆయనకి మెడ దాకా ఉండేది. నాకది చూస్తే ఒళ్లు మండేది.

"బావా, నీ గొడ్డలికంటే అక్క కూరల కత్తి నయం. అది కనీసం ఉల్లిపాయన్నా కోస్తుంది" అనేదాన్ని.

"ఏమే మరదలా, కొయ్య నరికేవాడు కట్టెలవాడు. నేను చెట్టుకి చొక్కా విప్పేవాణ్ని. రెంటికీ తేడా నీకేం తెలుసు?"

"విప్పావు సరే, మళ్లీ తొడిగేదెవరు?"

"అదే తొడుక్కుంటుంది. పదేళ్లు ఓపిక పట్టు" అని నవ్వేవాడు.

ఒక ఏడాది ఫారెస్టువాళ్లు పై వాలు ఒలుపు బావకిచ్చారు. కింది వాగు పక్క చెట్లు బేజీ అనేవాడికి పడ్డాయి. బేజీ సంగతి ఊరందరికీ తెలుసు. చిక్కగా కాచిన టీ తాగి, చెట్టు నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ పడుకునే రకం. బావ తన వాలంతా శుభ్రంగా ఒలిచేశాడు. ఒలిచిన మొదళ్లు కమిలిన ఒంటి రంగులో ఎర్రగా మెరిసేవి. బేజీ అటో చెట్టు, ఇటో చెట్టు గోకి, మిగతావి అలాగే వదిలేశాడు. "సిగ్గు లేదట్రా?" అని బావ అరిస్తే, "చెట్లెక్కడికి పోతాయి అన్నా, వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు, నిమ్మకు నీరెత్తినట్టు.

ఆగస్టులో దక్షిణపు వేడిగాలితో పాటే నిప్పు వచ్చింది. మేమంతా మేకల్ని తోలుకుని పల్లంలోకి పారిపోయాం. తిరిగొచ్చేసరికి రెండు చోట్లా చెట్లు ఒకేలా నల్లగా ఉన్నాయి. ఏది ఒలిచిన చెట్టో, ఏది ఒలవనిదో ఎవరూ చెప్పలేకపోయారు.

వసంతంలో తేలిపోయింది. బెరడున్న చెట్టుకి నిప్పు పైపైనే అంటుతుంది. బేజీ వదిలేసిన చెట్లన్నీ నల్ల చర్మంలోంచి పచ్చగా చిగురించాయి. బావ చెట్లకి ఒంటి మీద నూలుపోగు లేని సమయంలో తగిలింది మంట. ఒక్కటీ చిగురు వెయ్యలేదు. బద్ధకస్తుడి చెట్లు బతికాయి, పనిమంతుడి చెట్లు పోయాయి. దీనికి న్యాయం చెప్పమని ఎవర్ని అడగను?

ఊళ్లో ఒకళ్లిద్దరు నవ్వారు. బేజీ మాత్రం నవ్వలేదు. బావ ఎదురైతే పక్కదారి పట్టేవాడు, పాపం.

చెట్లు పోయాయంటే బావ ఒప్పుకోలేదు. "నిద్దరోతున్నాయి. చెట్టుకి కంగారుండదు" అనేవాడు. రోజూ పొద్దున్నే రొట్టె, ఆలివ్ నూనె మూట కట్టుకుని వాలెక్కేవాడు. పైన అంచున ఉన్న పెద్ద చెట్టు ఆయనకి ప్రాణం. వాళ్ల నాన్న ఆయన చేయి పట్టుకుని మొదటి వేటు వేయించింది దాని మీదే. దాని మొదట్లో కూచుని వేళ్లతో తడిమేవాడు. గోరుతో కూడా గీసేవాడు కాదు, నొప్పి పుడుతుందని.

ఫారెస్టు గార్డు ఆ ఏడూ చూశాడు, మరుసటి ఏడూ చూశాడు. చివరికి తెగేసి చెప్పాడు. "మూడో వేసవి దాకా ఆగుతాం. అప్పటికీ ప్రాణం కనబడకపోతే వాలంతా కొట్టించి జామాయిల్ వేస్తారు." జామాయిల్‌కి ఒలిచే బెరడుండదు. ఒలుపు లేని చోట మా బావకి ఏం పని?

మూడో వేసవి వచ్చింది. పైన ఆకు నీడ లేకపోవడంతో వాలంతా అడవి క్యారెట్ మొక్కలు మొలిచి, గొడుగుల్లాంటి తెల్లపూలు విప్పాయి. ఆ పూల మీద ఎర్ర పురుగులు వాలాయి. గోరంత పొడుగు, ఎర్రని రెక్కల మీద నల్లమచ్చ, ఒంటంత పొడుగు మీసాలు. పువ్వు మీద తల దించి పుప్పొడి తింటూ, పట్టుకోబోతే తప్ప కదలవు. అంతకుముందు ఏడాదికి పదో పరకో కనబడేవి. ఈసారి పువ్వుకొకటి.

బావ పరుగున ఇంటికొచ్చాడు. ఆ మొహం మీద నవ్వు చూసి ఎన్నాళ్లయిందో!

"మబ్రూకా! వాలు లేచిందే! పువ్వొచ్చింది, పువ్వుకి పురుగొచ్చింది. చచ్చిన చోటికి పురుగెందుకొస్తుంది చెప్పు? గార్డు గురువారం వస్తాడుగా, చూపిస్తా వాడికి!"

అక్క పిండి పిసుకుతోంది. తలెత్తలేదు. "మంచిది" అంది.

ఆయన బయటికి వెళ్లాక నేను అడిగాను. "ఏంటే, సంతోషం లేదా నీకు?"

"నేను పుట్టినప్పట్నుంచీ మోసింది ఎండుకట్టెలేగా" అంది అక్క. "పచ్చి కట్టెలో ఆ పురుగుని ఎప్పుడైనా చూశావా? ఎండిన మానులోనే గుడ్డు పెడుతుంది. తెల్లగా, లావుగా, కాళ్లున్నాయో లేవో తెలియని పిల్ల రెండు మూడేళ్లు లోపలే కొయ్య తింటూ ఉంటుంది. ఆ తర్వాతే రెక్కలొచ్చి పువ్వు మీదికొస్తుంది. ఆ ఎర్రవన్నీ ఎక్కణ్నుంచి వచ్చాయనుకున్నావు?"

"మరి బావకి చెప్పవేం?"

"నువ్వు చెప్పు" అంది. నేనూ చెప్పలేదు. ఊళ్లో అందరినీ మాటలతో కడిగేసే నా నోరు ఆ నాలుగు రోజులూ పెగల్లేదు.

గురువారం గార్డు వచ్చాడు. బావ శుక్రవారం ప్రార్థనకి వేసుకునే కోటు వేసుకున్నాడు. మేమిద్దరం వెనకాల నడిచాం. బావ పూలన్నీ చూపించాడు, పురుగుల్ని చూపించాడు. గార్డు మర్యాదస్తుడే. అంతా విని, "చూశాను పెద్దాయనా. పువ్వు సంగతి కాదు, చెట్టు చూపించు" అన్నాడు.

"రా. పెద్దదాన్నే చూపిస్తా."

అంచు చెట్టు దగ్గరికి వెళ్లాం. బావ ఎప్పుడూ కూచునే వైపు మొదట్లో ఒక చిన్న కన్నం ఉంది. దాని అంచున సన్నటి పొట్టు రాలుతోంది. మేం చూస్తుండగానే రెండు మీసాలు బయటికొచ్చాయి. తర్వాత నల్లని తల, ఎర్రని వీపు. అది కన్నం అంచున కాసేపు ఆరింది. తర్వాత రెక్కలు విప్పి, బావ భుజం పక్కనుంచి ఎగిరి తెల్లపువ్వు మీద వాలింది.

బావ దాన్ని చూశాడు. తర్వాత కన్నాన్ని చూశాడు. మొదలు చుట్టూ మెల్లగా తిరిగాడు. అలాంటివి ఎన్నో ఉన్నాయి. అన్నాళ్లూ అక్కడే కూచున్న మనిషి, చిగురు కోసం పైకి చూడటమే తప్ప వాటి మీద చూపు పెట్టలేదు.

"ఒక గాటు పెట్టి చూస్తే సరిపోతుంది" అన్నాడు గార్డు నెమ్మదిగా. "నువ్వు వద్దులే, నేను పెడతా."

"నా చెట్టు మీద నీ చెయ్యి పడటానికి వీల్లేదు" అన్నాడు బావ. గొంతు పెద్దది చెయ్యలేదు.

భుజం మీది గొడ్డలి దించాడు. అలవాటుగా ఒకసారి చెవి పక్కకి వంచి ఆగాడు. వేటు వేశాడు. ఆ గొడ్డలి మొదటిసారి కొయ్యలోకి దిగింది. దిగడం కాదు, నానిన రొట్టెలోకి వేలు దిగినట్టు దిగబడిపోయింది. లాగితే పెద్ద పెళ్ల ఊడొచ్చింది. లోపలంతా పొట్టు, ఆ పొట్టులో సొరంగాలు. ఒక దాంట్లో తెల్లని పిల్ల వెలుగు తగిలి మెలికలు తిరిగింది.

గార్డు చెట్టు మొదట్లో, కొట్టెయ్యాలని గుర్తుగా, పసుపు రంగు గీత గీసి వెళ్లిపోయాడు. బావ గొడ్డలి పదును వైపు చూసుకుంటూ నిలబడ్డాడు. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"అప్పుడే చచ్చిపోయిందన్నమాట" అన్నాడు బావ. "మంట వచ్చిన రోజే. నేను చొక్కా విప్పినందుకు."

అక్క వంగి, రాలిన పెళ్లలు ఏరి పైట చెంగులో వేసుకుంది. పిల్ల ఉన్న ముక్కని మాత్రం మళ్లీ మొదట్లోనే పెట్టింది.

"పొయ్యిలోకి వస్తాయి. పద" అంది.

బావ మా వెనకే వాలు దిగాడు. గొడ్డలి అక్కడే, చెట్టుకి ఆనించి వదిలేశాడు.