నడుమ కూర్చుని వినని మనిషి

"ఏమే స్తమెన్కా, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో కూర్చున్నన్నాళ్లూ నువ్వు మా మాటలు విన్నావా, లేదా?"

మిత్రోవ్‌దాన్ నాడు, ఇంటిదేవుడి పండుగ భోజనాల దగ్గర, బల్ల నిండా చుట్టాలుండగా అడిగింది పెర్సా. ఆమెకి డెబ్బై దాటాయి. ఆ వయసులో సిగ్గు తగ్గి చెవుడు పెరుగుతుంది గనక గట్టిగానే అడిగింది. స్తమెన్కా వడ్డిస్తున్న చెయ్యి ఆపకుండానే, "విన్నాను. అందరం వినేవాళ్లమే," అంది.

బల్ల చుట్టూ నమలడం ఆగిపోయింది.

"అయితే నా సంగతి కూడా..."

"తెలుసు పెర్సా. నీష్ నుంచి ఫోన్ చేసే ఆ పళ్ల డాక్టరు సంగతేగా? ఇంకో ముక్క సాసేజి వేస్తున్నా, నోరు మూసుకుని తిను."

అందరికంటే ఎక్కువ నవ్వింది పెర్సాయే. ఆమె కొడుకు సిబిన్ మాత్రం పళ్లెంలోంచి తల ఎత్తలేదు.

స్తమెన్కా పెళ్లికాకముందే మా ఊరు పిరోట్‌లో పోస్టాఫీసు మేడమీద టెలిఫోన్ స్విచ్‌బోర్డు ముందు కూర్చుంది. ఎదురుగా చిల్లుల వరసలు, చేతిలో తీగలు. బెల్‌గ్రేడ్‌కి ఒక చిల్లు, సోఫియాకి ఇంకోటి. తీగ గుచ్చితే మాట అవతలికి వెళ్తుంది. గుచ్చిన మనిషికీ చెవులుంటాయి కాబట్టి ఆమెకీ వినబడుతుంది. తర్వాత ఎవరికివాళ్లే నంబరు తిప్పుకునే రోజులొచ్చాయి. బోర్డు పాత ఇనుము కింద పోయింది, స్తమెన్కా కిందికి దిగి స్టాంపులు అమ్మింది. చివరికి సిబ్బంది ఎక్కువయ్యారని ఇంటికి పంపారు. శ్రమకి ఉన్న గౌరవం గురించి ప్రతి మేడేకీ ఉపన్యాసం దంచే పెద్దమనుషుల్లో ఒక్కడూ ఆ రోజు ఆమె సంచీ పట్టుకుని గేటుదాకా రాలేదు.

పింఛను రావడానికి ఇంకా చాలా ఏళ్లున్నాయి. భర్త లేడు. అప్పుడు దొరికిందీ పని. వియన్నాలో ఒక చిన్న ఆఫీసుంది. బూట్ల దుకాణాలు, హోటళ్లు తమ వెబ్‌సైట్లు ఏ దేశంలో ఎలా కనబడుతున్నాయో చూసిపెట్టమని దానికి డబ్బిస్తాయి. లిస్బన్‌లో కూర్చున్నవాడికి కనబడే బూట్ల ధర హెల్సింకీలో కూర్చున్నవాడికి కనబడదు. కనక ఒకరు పొద్దున పోర్చుగల్‌వాడిగానూ, కాఫీ తాగాక ఫిన్లండ్‌వాడిగానూ వెళ్లి చూసి రావాలి. ఆ దేశంలో ఉన్న ఏదో ఒక కంప్యూటరు గుండా వెళ్తే, వెబ్‌సైటు మనల్ని ఆ దేశపు మనిషే అనుకుంటుంది. నడుమ ఉండే ఆ కంప్యూటరే ప్రాక్సీ. ఆఫీసువాళ్లు దేశానికొకటి చొప్పున ప్రాక్సీ చిరునామాలు పంపారు. స్తమెన్కా వంటింటి బల్ల మీద మిరపకాయల బుట్ట పక్కకి జరిపి ల్యాప్‌టాప్ కంప్యూటరు పెట్టింది.

పని తేలికే. కష్టమల్లా దేశం మారినప్పుడల్లా బ్రౌజర్ సెట్టింగుల్లోకి వెళ్లి పాత చిరునామా చెరిపి కొత్తది కొట్టడం. పొయ్యి మీద ఏదో ఒకటి ఉడుకుతూనే ఉంటుంది, గుమ్మంలోంచి ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. ఒకసారి మార్చడం మరిచిపోయి ఫిన్లండ్ ధరల్ని పోర్చుగల్ ధరలుగా రాసి పంపింది. ఇంకోసారి లిస్బన్‌లోనే ఉండిపోయి కరెంటు బిల్లు కట్టబోతే బ్యాంకు కార్డు స్తంభించింది. బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది.

"మేడమ్, మీరిప్పుడు పోర్చుగల్‌లో ఉన్నారా?"

"ఒసేయ్, గోర్దానా! పొద్దున బజార్లో నా పక్కనే నిలబడి మిరపకాయలు బేరమాడావు కదే!"

"అది నాకు తెలుసు పిన్నీ. కంప్యూటరుకి తెలియదు. రూలు ప్రకారం అడగాలి. ఉన్నారా?"

కార్డు మళ్లీ పనిచేసింది గానీ, ఆలోగా తప్పుడు ధరల సంగతి వియన్నాకి తెలిసిపోయింది. ఇలాంటిది ఇంకొక్కటి జరిగితే పని ఆపేస్తామని మర్యాదగా రాశారు. ప్రాక్సీలు మార్చే ఎక్స్‌టెన్షన్ ఏదైనా, అంటే బ్రౌజర్‌కి అతికే చిన్న ప్రోగ్రాం, తగిలించుకొమ్మనీ, ఏది కావాలో మీరే ఎంచుకొమ్మనీ చివర్లో ఒక వాక్యం. చూస్తే అవి పుట్టగొడుగుల్లా ఉన్నాయి.

ఇలాంటప్పుడు మా ఊళ్లో ఎవరూ సొంతంగా ఎంచుకోరు. కుమ్‌ని అడుగుతారు. పెళ్లిలో సాక్షిగా నిలబడి, పుట్టిన బిడ్డకి పేరు పెట్టే కుటుంబం కుమ్ కుటుంబం. తోబుట్టువు మాట కాదనొచ్చు, కుమ్ మాట కాదనకూడదు. స్తమెన్కాకి ఆ కుటుంబం పెర్సాది. పెర్సా కొడుకు సిబిన్‌కి బజారు సందులో కంప్యూటర్లు బాగుచేసే కొట్టుంది. అడగ్గానే వచ్చి, తనే ఒకటి ఎక్కించాడు.

"ఇది చూడు కుమా. బంగారం. వియన్నావాళ్ల చిరునామాలు కూడా అక్కర్లేదు, దీని ప్రాక్సీలు దీనికే ఉన్నాయి. జెండా మీద నొక్కితే చాలు, ఆ దేశంలో ఉంటావు. అంతా ఉచితం!"

ఉచితం అన్న మాటకి పిరోట్ మనిషి పడిపోని రోజు లేదు. మేం ఆవలించడానికి నోరు తెరిచినా పక్కవాడి కాఫీ ఒక గుక్క తాగాకే మూస్తామని మా పొరుగు నగరం నీష్‌వాళ్లు వెక్కిరిస్తారు. అటు కుమ్ మాట, ఇటు ఉచితం. స్తమెన్కా ఇంకేం అడగలేదు.

మర్నాడు పోర్చుగల్ జెండా నొక్కి బూట్ల దుకాణం తెరిచింది. ధరలు సరిగ్గానే ఉన్నాయి. కానీ బూట్ల నడుమ, పొట్ట తగ్గించే టీ పొడి ప్రకటన ఒకటి పళ్లికిలిస్తోంది. ఇలాంటివి పట్టుకోవడమే తన పని కాబట్టి ఉత్సాహంగా రాసింది: మీ పేజీలో పరాయి ప్రకటన ఉంది. పంపబోతూ ఎందుకో ఆగి, హోటలు పేజీ తెరిచింది. అక్కడా అదే టీ పొడి. తన బ్యాంకు పేజీ తెరవబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. కంప్యూటరు చంకలో పెట్టుకుని తిన్నగా సిబిన్ కొట్టుకి నడిచింది. కొట్లోని కంప్యూటర్లో, వియన్నావాళ్లిచ్చిన చిరునామాతో అదే బూట్ల పేజీ తెరిపించింది. టీ పొడి లేదు.

"ఒరేయ్ సిబిన్, నువ్వు తగిలించిందాని నడిమి కంప్యూటరు ఎవరిది?"

"ఏదో కంపెనీది కుమా."

"ఏ కంపెనీ? దాని కరెంటు ఎవరు కడతారు?"

"మనకెందుకు? మనం కట్టట్లేదుగా!"

"మీ అమ్మ పండుగనాడు నన్నేం అడిగింది?"

సిబిన్ ముఖం కందిపోయింది. ఆ పళ్ల డాక్టరు మళ్లీ బయటికొస్తాడనుకున్నాడు పాపం.

"నాకు పోస్టాఫీసువాళ్లు జీతమిచ్చారు. అయినా విన్నాను. వీడికి జీతం కూడా లేదు, మరి వీడు దేని మీద బతుకుతున్నట్టు? పైగా మేం విన్నామే గానీ, ఎవరి సంభాషణలోనూ దూరి టీ పొడి అమ్మలేదు. ఆ నివేదిక పంపి ఉంటే ఇవాళ నా పని పోయేది."

"నా మాట నమ్మవన్నమాట."

"నిన్ను నమ్ముతాన్రా. నువ్వు నమ్మినవాణ్ణి నమ్మను."

సిబిన్ మూతి ముడుచుకుని స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. ఆమె కూడా బతిమాలలేదు. ఇంటికొచ్చి దాన్ని పీకేసి, మొదటిసారి తనే వెతకడానికి కూర్చుంది. జెండాలున్నవన్నీ దాటేసింది. వాడినవాళ్లిచ్చిన నక్షత్రాల సంఖ్య చూడటం మానేసింది. పెళ్లిలో డప్పు ఎంత గట్టిగా మోగిందో చూసి కాపురం ఎలా ఉంటుందో చెప్పలేం కదా. చివరికి ఒక వికారమైన బూడిదరంగు దాని దగ్గర ఆగింది. దానికి సొంత ప్రాక్సీలు లేవు. మన దగ్గరున్న చిరునామాలు మనమే ఇవ్వాలి, అది మార్చిపెడుతుంది, అంతే. ఏ వెబ్‌సైటుకి ఏ దారో ఒకసారి రాసిపెడితే చాలు: బూట్ల దుకాణం పోర్చుగీసు పేజీ ఎప్పుడు తెరిచినా లిస్బన్ గుండానే, బ్యాంకు ఎప్పుడూ తిన్నగానే. ఏ దారిలో ఉన్నామో మూలనున్న చుక్క రంగు చెబుతుంది. ఆ సెట్టింగుల పేజీలో ఎడమవైపు పేర్లు, కుడివైపు దారులు వరసగా చూసేసరికి, తన పాత బోర్డే ఎదురుగా నిలబెట్టినట్టయిందట ఆమెకి.

అయినా పిరోట్ మనిషి, అంత తేలిగ్గా నమ్మదు. దాన్ని రాసినాయన పేరు ఆండ్రెస్, ఎస్తోనియాలో ఉంటాడు. కింద ఈమెయిల్ చిరునామా ఉంటే, ముక్కలు ముక్కలుగా వచ్చిన ఇంగ్లీషులో ఉత్తరం రాసింది. పలకరింపు లేదు, పొగడ్త లేదు. "నువ్వు వింటావా, లేదా?"

రెండు రోజుల్లో జవాబొచ్చింది. "వినను. మీ దారి నా దగ్గరికి రాదు, వినాలన్నా వినబడదు. నా మాట నమ్మక్కర్లేదు. నేను రాసిన కోడంతా అందరికీ తెరిచే ఉంచాను. చదవగలిగిన మీ మనిషి ఎవరైనా ఉంటే చదివించుకోండి."

చదవగలిగిన మనిషి ఆమెకి ఒక్కడే ఉన్నాడు. గుమ్మడికాయ పాయ్ ఒకటి చేసి, గుడ్డ కప్పి సిబిన్ కొట్టుకి పట్టుకెళ్లింది.

"ఊరికే తినడానికి కాదు, పనికి కూలి," అంది. "ఇదంతా చదివి, ఎక్కడైనా చెవి ఉందేమో చూసిపెట్టు."

"కొట్లో పనుంది కుమా."

"కుమ్ మాట కాదనకూడదట. మీ ఇంట్లోవాళ్లే చెప్పారు."

ఈసారి నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ ఆదివారం మధ్యాహ్నమంతా పాయ్ తింటూ, గొణుక్కుంటూ చదివాడు. అర్థంకాని చోట తెలిసినవాళ్లకి ఫోన్ చేశాడు. సాయంత్రం తనే ఆమె ఇంటికొచ్చి, టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"వీడు నిజమే చెప్పాడు. ఎక్కడా చెవి లేదు. ఎవడో బుద్ధిమంతుడు కుమా, కూర్చుని జాగ్రత్తగా రాశాడు."

"నువ్వూ అలాగే చదివావు," అంది స్తమెన్కా. అంతకంటే పెద్ద పొగడ్త ఆమె నోట మా ఊళ్లో ఎవరూ వినలేదు.

ఆ తర్వాత ఆమె నివేదికల్లో దేశం తప్పలేదు. వియన్నావాళ్లు పని కొనసాగించారు, గోర్దానా మళ్లీ ఫోన్ చేయలేదు. లిస్బన్ ఎరుపు, హెల్సింకీ నీలం, ఇల్లు ఆకుపచ్చ. పొయ్యి మీది కుండ వైపు పరిగెత్తేముందు చుక్క వైపు ఒక చూపు చూస్తుంది. సాంకేతికత మనుషుల్ని దూరం చేస్తోందని వాపోయే వ్యాసాలు నేనూ చాలానే చదివాను. రాసినవాళ్లెవరూ స్తమెన్కా వంటింట్లో కూర్చుని ఉండరు. ఎన్నడూ చూడని ఒక మనిషి, ఎవరూ అడక్కుండా, తన చెవులు తనే మూసుకుని ఒక వస్తువు చేసిపెట్టాడు. నడుమ కూర్చున్నవాళ్లకి వినాలని ఎంత ఉంటుందో తెలిసిన మనిషి కనకనే, ఆమెకి దాని విలువ తెలిసింది.

మరుసటి మిత్రోవ్‌దాన్‌కి పళ్ల సారా రాకియా పోస్తూ, "ఎస్తోనియాలో ఉన్నాయనకి," అని గ్లాసెత్తింది. పెర్సాకి సరిగా వినబడలేదు. "ఎవరే, పళ్ల డాక్టరా?" అంది. సిబిన్ కూడా నవ్వాడు.

ఉచితంగా తీసుకుని ఊరుకోవడం తన వల్ల కాదని స్తమెన్కా ఆండ్రెస్‌కి రాసింది. పిరోట్ మనిషి అంత మాటన్నదంటే నీష్‌వాళ్లు నమ్మరు. పది యూరోలు ఎక్కడికి పంపమంటావని అడిగింది. డబ్బు పుచ్చుకునే ఖాతా ఏదీ ఇంకా తెరవలేదు, తెరిచినప్పుడు చెబుతానన్నాడు. ఇప్పటిదాకా తెరవలేదు. ఆ పది యూరోలు ఇంకా బాకీయే.