నమాజు ఉంది, ఒక్కపొద్దు లేదు

నా కొడుకు ఆళ్లగడ్డలో పరుపులు కుడతాడు. వాడి కూతురికి నంద్యాలలో రక్తపరీక్షలు చేసే ల్యాబులో పని దొరికితే, తెచ్చి నా దగ్గర వదిలాడు. పోతూ పోతూ గుమ్మంలో నిలబడి ఒకటే మాట చెప్పాడు.

"అమ్మా, టౌనుకొచ్చి నమాజు, ఒక్కపొద్దు ఇడిసిపెట్టిందంటే ఆ పొద్దే తోలుకొని పోతా. నువ్వే కనిపెట్టుకోని ఉండాల."

కనిపెట్టడం నాకొకరు నేర్పాల్సిన పని కాదు. నేను చదివింది మూడో తరగతి. కానీ బియ్యం ఎంత దిగాయో మూత తీయకుండా, డబ్బా ఊపి చెప్పగలను.

మేం దూదేకులవాళ్లం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. ఉర్దూ మాట్లాడేవాళ్లు కొందరు మమ్మల్ని సగం సాయిబులని ఎగతాళి చేసేవారు. అందుకే మా ఇంట్లో రంజాన్ నెలలో ఎవరూ వేలెత్తి చూపే పని చేయకూడదని నా పట్టు. నేను బురఖా ఎరగను. చీరకొంగు తలమీద కప్పుకుంటే చాలనుకునేవాళ్లం. ఈ పిల్ల నల్ల బురఖా తొడిగి, స్కార్ఫుకు పిన్నులు గుచ్చి, ఫోనులో నమాజు పిలుపు, అజా, మోగగానే లేచి నిలబడుతుంది. పైన అంత నిగనిగ కనబడితే నాకు లోపల చూడాలనిపిస్తుంది. టమాటాలు కొన్నా అంతే, బుట్టలో అడుగువి తీసి చూస్తాను.

రంజాన్ మొదలైన కొద్ది రోజులకే ఆమెకు నెలసరి వచ్చింది. ఆ రోజుల్లో ఆడవాళ్లకు నమాజు లేదు, ఒక్కపొద్దు లేదు. పోయిన ఒక్కపొద్దులు పండగ అయ్యాక తీర్చుకుంటాం. అయినా మా ఇళ్లలో మగవాళ్లకు తెలియకూడదని అందరితోపాటు తెల్లవారకముందే సహరికి లేచి తినేవాళ్లం, పగలు వంటింటి తలుపు వెనక నిలబడి రెండు ముద్దలు మింగేవాళ్లం. ఈ పిల్లను లేపితే దుప్పటి లాక్కుంది.

"ఈడ మగోళ్లు ఎవురుండారని జేజీ, నాటకం?"

ఆ మాట నాకు నచ్చలేదు.

ఈసారి కాస్త ఆలస్యంగా తలంటుకుంది. మళ్లీ చాప పరిచి నమాజు మొదలుపెట్టింది. అప్పటినుంచే నాకు తేడా కనబడసాగింది. వేరుశనగ బుడ్డల పొడి వాడుకున్నాక గరిటె వెనకతో అదిమి చదును చేసి పెట్టడం నా అలవాటు. మరునాడు చూస్తే మధ్యలో గుంట ఉంది. ఆమె టిఫిన్ బాక్సు వంటింట్లో ఉండాల్సింది, మిద్దెమీద నీళ్ల ట్యాంకు వెనక బోర్లించి ఉంది. తీసి వాసన చూశాను. తోమినా వెల్లుల్లి వాసన పోలేదు.

మా ఆడవాళ్ల లెక్క సులువు. నెలసరి ఉంటే రెండూ లేవు, తలంటుకుంటే రెండూ ఉన్నాయి. నమాజు ఉండి ఒక్కపొద్దు లేకపోవడం నేనెక్కడా చూడలేదు. అంటే ఈ పిల్ల నా కంటికోసం నమాజు చదువుతోంది, కడుపుకోసం ల్యాబులో తింటోంది.

"ఏందే, ఒక్కపొద్దు ఉండావా?" అన్నాను బురఖా గుండీలు పెట్టుకుంటుంటే.

"నమాజు చదువుతాండా కదా జేజీ," అని చెప్పులేసుకుంది.

నేనడిగింది అది కాదు.

ఆ మధ్యాహ్నమే ఆటో ఎక్కి ల్యాబుకు పోయాను. ముందు గదిలో ఎవరూ లేరు. పరదా వెనకనుంచి మాటలు వినబడ్డాయి. "ఇంగో ముద్ద తిను. ఖాళీ కడుపున మాత్ర ఏసుకుంటే కక్కుతావ్." పరదా లాగాను. నా మనవరాలు నోటినిండా అన్నం పెట్టుకుని ఉంది. పక్కన వెలుగోడునుంచి బస్సులో వచ్చే తోటి పిల్ల.

"బాగుండాది," అన్నాను. "తెల్లారితే నమాజు, మిట్టమద్దేనం పొడన్నం. మీ నాయనకు ఫోన్ చేస్తాండా."

మనవరాలు మింగలేక గుటకలు వేస్తోంది. వెలుగోడు పిల్లే లేచింది. చర్చికి పోయే పిల్ల, మెడలో చిన్న సిలువ ఉంది. "తిట్టేది తరవాత తిట్టుదువు గానీ, ముందు ఈమె కండ్లు చూడు జేజీ," అని కింది రెప్ప లాగి చూపించింది. లోపల ఎరుపు లేదు. ఏకిన దూదిలా ఉంది.

"తలంటుకున్యా గానీ ఆగలేదు జేజీ," అంది మనవరాలు మెల్లగా. "పది దినాల గడువు దాటినాక పోయేది నెలసరి కాదు, జబ్బు. జబ్బుకు నమాజు మానకూడదు. ప్రతి నమాజుకూ మొగం, కాళ్లుచేతులు కడుక్కోని కొత్తగా వజూ చేసుకోని చదువుతాండా. ఒక్కపొద్దు మాత్రం డాక్టరమ్మ వద్దనింది, నెత్తురు లేదని."

"ఎవురు చెప్పినారే ఈ మసాలా? ఫోనా?"

"మసీదు పక్కన ఆడపిల్లలకు ఖురాన్ చెప్పే ఆపా."

నేను నమ్మలేదు. తిరిగొస్తూ నేరుగా ఆ ఆపా ఇంటికే పోయి అడిగాను. ఆమె ఉర్దూ ఆమె. మమ్మల్ని ఎగతాళి చేసేవాళ్లలాగే ఉంటుందనుకుని మాట కటువుగానే అడిగాను. ఆమె వచ్చీరాని తెలుగులో మనవరాలు చెప్పిందే చెప్పి, "మీ పాప మసలా బాగా నేర్చుకున్యాది," అంది. మసలా అంటే మతంలో ఏది చెల్లుతుందో చెప్పే నియమం; నేను దాన్నే మసాలా అన్నాను. ఆ మెప్పుదలకు సంతోషించాలో, నాకు తెలియనిది నా మనవరాలికి తెలిసిందని ఉడుక్కోవాలో తెలియలేదు.

సాయంత్రం నిలదీశాను. "నాకు చెప్పేకేమి నొప్పి?"

"నీకు చెప్తే నాయనకు చెప్తావ్. నాయన తోలుకొని పోతాడు. జబ్బుంటే ఇంట్లో పడుకోమంటాడు, మళ్లా పనికి పంపడు."

అది నిజం. నా కొడుకు నాకు తెలుసు.

శుక్రవారం వాడు రానే వచ్చాడు. ఒక్కపొద్దు విడిచే వేళకు ముగ్గురం పళ్లెం చుట్టూ కూర్చున్నాం. ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, గంజి. మసీదు సైరన్ ఇంకా మోగలేదు. వాడు కూతురి ముఖం చూశాడు, తరవాత నన్ను చూశాడు.

"ఏమ్మా, ఒక్కపొద్దులన్నీ ఉంటాందా?"

ఒక్కపొద్దు నోటితో అబద్ధం ఆడను. "లేదు," అన్నాను. "నెత్తురు తక్కువైంది. డాక్టరమ్మ వద్దనింది. నేనే తినమంటాండా."

"అంత జబ్బయితే ఈడెందుకు? రేపు పొద్దున బస్సుకే పోదాం. సంచి సర్దుకో."

"ఆళ్లగడ్డకు పోతే నెత్తురు ఊరుతాదా?" అన్నాను. "చూసే డాక్టరమ్మ ఈడ ఉండాది."

"అసలు ఏం జబ్బు? ఎందుకొచ్చింది?" అని గొంతు పెంచాడు వాడు.

మనవరాలు తల దించలేదు. "నెలసరి నాయనా. వచ్చింది ఆగలేదు."

మా ఇళ్లలో ఆ మాట మగవాడి ముందు ఎవరూ అనరు. నా కొడుకు చెవులు ఎర్రబడ్డాయి. పుచ్చకాయ ముక్కలవైపు చూస్తూ ఉండిపోయాడు. అప్పుడే సైరన్ మోగింది. వాడికి అంత సంతోషం కలిగించిన సైరన్ ఇంకొకటి ఉండదు. ఖర్జూరం నోట్లో వేసుకుని, గింజ ఎక్కడ ఉమ్మాలో కూడా చూసుకోకుండా మసీదుకు పోయాడు.

తిరిగొచ్చాక సంచి ఊసెత్తలేదు. పొద్దున ఒక్కడే చెప్పులు వేసుకుంటూ నాతో మాత్రం అన్నాడు. "పండక్కి ఇద్దరూ రండి. అంతవరకు డాక్టరమ్మకు చూపీ."

పిల్ల నంద్యాలలోనే ఉండిపోయింది. నా కన్ను మాత్రం మూతపడలేదు. మాత్రల అట్ట తిప్పి, రేకు చిరిగిందా లేదా అని రోజూ చూస్తాను. పొడి డబ్బా ఇప్పుడు కూడా గరిటె వెనకతో చదును చేసే పెడతాను. పొద్దున మూత తీసి గుంట కనబడకపోతే ఆ పిల్లను గడప దాటనివ్వను.